సర్కారు కట్టిన రక్ష

పోయిన వారం సత్యరాజుని గోగులవలస పొలిమేరలో, పొద్దు వాలే వేళ, ఒంటరిగా నిలబెట్టి మనం ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఒక మనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం న్యాయం కాదు. అయినా నిలబడడం అతనికి కొత్తేమీ కాదు. పురావస్తు శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం అతనిది. ఎండలో నిలబడి, వానలో నిలబడి, ఎప్పుడో పోయినవాళ్ళు కట్టిన గోడల్ని కాగితం మీదికి దింపుతూ ఉంటాడు.

సంగతి మరిచినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. గోగులవలస పక్కన బోర్లకుండ మెట్ట ఉంది. దాని నెత్తిన బౌద్ధుల నాటి ఇటుక స్తూపం ఉంది. ఎవరో పెద్ద కుండని బోర్లించి మరిచిపోయినట్టు ఉంటుంది కాబట్టి మెట్టకి ఆ పేరు. సర్కారు దాన్ని తను కాపాడవలసిన వాటి జాబితాలో చేర్చి, మెట్ట అడుగున చుట్టూ ఇనుప తీగ లాగి, దారి మొదట్లో బోర్డు పాతి, ఆ తరువాత సంగతి పూర్తిగా మరిచిపోయింది. ఇప్పుడు యుద్ధం రోజులు. మిలటరీ డిపోకి రోడ్డు కావాలి, రోడ్డుకి కంకర కావాలి. విజయనగరం కంట్రాక్టరు నగరేశ్వరరావు కన్ను మెట్ట మీద పడింది. "మనిషన్నవాడు తొంగి చూడని చోటుని సర్కారెందుకు కాపాడాలండీ" అని అతను అడిగిన ప్రశ్న మద్రాసు దాకా వెళ్ళింది. దానికి జవాబు తేల్చడానికి గురువారం పొద్దున్న పై అధికారి నారాయణమూర్తి వస్తున్నాడు. మెట్టకి జనం వస్తారని తేలితే అది జాబితాలో ఉంటుంది, పైకి మెట్లు కూడా వేయిస్తారు. రారని తేలితే ఆ ఇటుకలన్నీ లారీ చక్రాల కిందికి పోతాయి.

జనం రావడం లేదు. అదే చిక్కు. ఎందుకు రారని ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతున్నారు: "కట్టున్నాది బావూ." ఊరి పెద్దలు పెట్టిన కట్టుబాటేమో అనుకున్నాడు సత్యరాజు. పెద్దల్ని అడిగితే వాళ్ళూ నేల చూపులు చూసి అదే మాట అన్నారు. చివరికి అమ్మడు అనే ముసలమ్మ జాలిపడి, "పొద్దోయినాక మా వాకిట్లోకి రా, సెప్తాను" అంది. అక్కడికే బయల్దేరాడు.

ఈ మెట్ట మీద ఇతనికెందుకింత ప్రేమ అని మీరు అడగవచ్చు. రెండేళ్ళ క్రితం విశాఖపట్నం మీద బాంబులు పడిన రోజున అతను అక్కడే ఉన్నాడు. ఆనాటి నుంచి అతనికి నిద్ర సరిగా లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, చెవులు తెరుచుకునేవి. ఇంగ్లీషు మందులూ నాటు మందులూ అన్నీ అయ్యాయి. ఏడాది క్రితం ఈ మెట్ట కొలతలకి వచ్చి, మధ్యాహ్నం పూట స్తూపం నీడలో కాసేపు ఒరిగాడు. లేచేసరికి సాయంత్రమైంది. ముఖం మీద చీమలు పాకుతున్నా తెలియలేదు. అంత నిద్ర ఇచ్చిన చోటుని మనిషి ఎలా మరిచిపోతాడు?

అమ్మడు వాకిట్లో గోగునార పేర్చుకుని తాడు పేనుతోంది. ఆ మసక వెలుగులో తాడు ఆమె వేళ్ళలోంచే పుట్టి నేల మీదికి జారుతున్నట్టుంది.

"కూకో బావూ. ఆ అరుగు మీద కూకో. కుక్కి మంచం నిన్ను మొయ్యదు" అంది, తల ఎత్తకుండానే.

అతను కూర్చున్నాడు.

"నువ్వు సదువుకున్నోడివి కదా. ఆ బోర్డు మీద ఏటి రాసున్నాదో సెప్పు."

అతనికి అది కంఠతా వచ్చు. "ప్రభుత్వమువారిచే రక్షింపబడిన కట్టడము. దీనికి హాని చేయువారు శిక్షార్హులు."

"మా అప్పలసూరి కూడా అలగే సదివినాడు. ఊల్లో అచ్చరాలొచ్చినోడు ఆడొక్కడే. కూడబలుక్కుని సదివినాడు. రక్సింప. బడిన. కట్టడము."

"అయితే?"

"అయితే ఏటి బావూ, సర్కారోరే రాసి ఎట్టినారు కదా. రక్స ఎట్టి కట్టడం. ఊరికే రాసి ఒగ్గీసినారా, ఇనప తీగతోటి మెట్ట సుట్టూ కట్టీసినారు కూడాను."

బోర్డు మీది మాటలు మద్రాసులో ఎవరో ఫ్యాను కింద కూర్చుని తెలుగులోకి మార్చినవి. ఆ పెద్దమనిషికి కట్టడం అంటే గోడా, గోపురమూ. గోగులవలసలో కట్టడం అంటే కట్టడమే. ఆవుని గుంజకి కట్టడం, జబ్బు చేసిన గుంటడి చేతికి రక్ష కట్టడం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

అతనికి ముందు నవ్వు వచ్చింది. అమ్మడు ముఖం చూశాక ఆ నవ్వు పోయింది.

"రక్స ఎవులికి కడతారు బావూ?" అంది అమ్మడు. "దెయ్యం పట్టినోడికి కడతారు. గాలి సోకినోడికి కడతారు. మంచోడికి ఎవులైనా కడతారేటి? మెట్ట మీద పడుకున్నోడిని మావు తాత అనుకున్నాం. నిద్దరతాత. మా అమ్మ అనుకున్నాది, మా అమ్మమ్మ అనుకున్నాది. సర్కారోరు సీమలు తిరిగినోరు, పుస్తకాలు సదివినోరు. ఆల్లొచ్చి రక్స కట్టినారంటే, ఆ లోపలున్నది తాత కాదు, మరేదో అని కదా అర్తం."

"నిద్దరతాత ఎవరమ్మా?"

అప్పుడు ఆమె తాడు పక్కన పెట్టింది. ఆ చేతులు ఖాళీగా ఉండగా అతను చూడడం అదే మొదటిసారి.

మెట్ట మీద కుండ కింద ఒక తాత పడుకుని ఉంటాడు. ఎప్పుడు పడుకున్నాడో ఎవరికీ తెలీదు. చాలా దూరం నడిచి, నడిచి, అలిసిపోయి వచ్చాడట. "కాసింత కునుకు తీస్తాను, లేపకండమ్మా" అన్నాడట. ఊరు ఆయన మీద ఇటుకలతో దుప్పటి కప్పింది. ఇప్పటికీ లేవలేదు. అంత నిద్ర ఉన్నవాడి దగ్గర అడిగితే కొంచెం పెట్టకపోతాడా? అందుకని నిద్ర పట్టని పిల్లల్ని మాఘ మాసంలో, మంచు పడే పొద్దున్నే, తల్లులు మెట్ట మీదికి తీసుకుపోయేవారు. కుండ చుట్టూ ఉన్న ఇటుక అరుగు మీద పడుకోబెట్టి, "తాతా, నీ నిద్దరలో సిటికెడు మా గుంటకి పెట్టు" అని అడిగేవారు. పైన ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. చెప్పులతో నడవకూడదు. ఎక్కడైనా ఇటుక జారి ఉంటే దాన్ని తీసి మళ్ళీ పెట్టి రావాలి. తాత దుప్పటి జారితే సర్దకుండా వచ్చే కోడలిని అత్తగారు గడప దాటనిచ్చేది కాదు.

వెయ్యేళ్ళకు పైగా ఒక ఇటుక స్తూపం కొండ మీద ఎలా నిలిచిందా అని ఏడాదిగా సత్యరాజు లెక్కలు వేస్తున్నాడు. సున్నం గట్టిదనుకున్నాడు, ఇటుక కాల్పు మంచిదనుకున్నాడు. దానికి నిద్ర లేని పిల్లల తల్లులు కాపలా అని అతని లెక్కల్లో ఎక్కడా రాలేదు.

"అమ్మా, అది రక్ష కట్టడం కాదు. రక్షించడం అంటే కాపాడడం. సర్కారు మీ తాతని కాపాడుతున్నానని రాసింది."

అమ్మడు తల అడ్డంగా ఊపింది.

"కాపాడతన్నాదా? మరి తూరుపు పక్క దుప్పటి జారిపోయి ఎన్ని వానలైనాదో నీకెరికేనా? మావు ఎల్లినన్నాల్లూ ఒక్క ఇటిక కింద పడ్డానికి నేదు. బోర్డు ఎట్టినాక మమ్మల్ని ముట్టుకోవద్దన్నారు. పోనీ ఆల్లయినా వచ్చి ముట్టుకున్నారేటి? తాను సెయ్యదు, ఒకల్లని సెయ్యనివ్వదు. ఇదేటి కాపాడ్డం బావూ?"

సర్కారు జీతం తినే సత్యరాజు తల దించుకున్నాడు. సిగ్గుగానే అనిపించింది అతనికి.

తరువాత గురువారం సంగతి చెప్పాడు. అధికారి రావడం, రోడ్డు, కంకర, అన్నీ చెప్పాడు. ఇటుకలు రోడ్డు కిందికి పోతాయని విన్నప్పుడు అమ్మడు మెట్ట వైపు తిరిగి చూసింది.

"మీరు ఆ పొద్దున పిల్లల్ని తీసుకుని పైకి వస్తే ఆయన కళ్ళారా చూస్తాడు. మెట్ట దక్కుతుంది" అన్నాడు.

"కట్టుండగా ఎలగ వస్తారు బావూ, సంటి గుంటల్ని ఎత్తుకుని? కట్టినోడే ఇప్పాల."

"కట్టింది సర్కారు కదా."

"నువ్వేటి మరి?"

తను ఒట్టి నక్షాలు గీసేవాడినని, బోర్డు ముట్టుకునే అధికారం కూడా తనకు లేదని చెప్పబోయాడు. ఆ వాకిట్లో అది ఎవరికి అర్థమవుతుంది? ఖాకీ టోపీ పెట్టుకుని, కొలతలు తీసే మూడు కాళ్ళ బల్ల మోసుకుని ఏడాదిగా వస్తున్న అతనే ఆ ఊరికి సర్కారు. ఇంకే సర్కారునీ వాళ్ళు చూడలేదు.

"నానందరికీ సెప్తాను" అంది అమ్మడు, మళ్ళీ తాడు చేతిలోకి తీసుకుంటూ. "నువ్వు లచ్చివారం పొద్దున్నే వచ్చి, మా కల్లముందే ఇప్పు."

గజపతినగరంలో మిషను బడి వెనక రెండు గదుల ఇల్లు వాళ్ళది. భార్య దేవమణి ఆ బడిలోనే పంతులమ్మ. శ్రీకాకుళం పాస్టరుగారి కూతురు. భర్త చెప్పిందంతా వింటూ ఉలవచారు వడ్డించింది. చివర్లో, "అయితే బాప్తిస్టు పాస్టరుగారి అల్లుడు మెట్ట మీది తాతకి రక్ష విప్పుతాడన్నమాట. మా నాన్నకి తెలిస్తే మీకు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చోటుండదు" అంది.

"అదే ఆలోచిస్తున్నాను."

"ఆలోచిస్తే నిద్ర పట్టదు. మీకు ఆలోచించకపోయినా పట్టదనుకోండి." నవ్వి, మళ్ళీ ఆమే అంది: "ముడి వేస్తే పూజ అంటారేమో. ముడి విప్పడాన్ని ఏమంటారో నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. కట్లు తెంచడం తప్పని ఆయన ఏ ఆదివారమూ చెప్పలేదు."

"ఉద్యోగం పోతే?"

దేవమణి చారు గిన్నె మూత పెట్టి, "ఆ మెట్ట మీద పడుకున్న సాయంత్రం మీరు ఇంటికొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచారు, గుర్తుందా? అంతకు ముందు ఏడాదిగా పిలవలేదు. నేను లెక్కలేసుకునే మనిషిని కాను గాని, అది మాత్రం మరిచిపోలేదు. వెళ్ళండి" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకునే ప్రయత్నమూ చెయ్యలేదు.

గురువారం తెల్లవారింది గాని, తెల్లవారినట్టు ఎవరికీ తెలియలేదు. చంపావతి ఏటి మీది నుంచి లేచిన మంచు పొలాలన్నీ కప్పేసింది. సత్యరాజు నడుస్తుంటే దారి అతని కాళ్ళ ముందు కొంచెం కొంచెంగా పుడుతోంది, వెనక మళ్ళీ పోతోంది. తాటిచెట్లు తలలు లేకుండా నిలబడ్డాయి. ఎక్కడో ఆవు మెడలో గంట మోగింది. ఆవు కనిపించలేదు. రాత్రంతా కన్ను మూయని మనిషికి ఇలాంటి పొద్దున ఏది మెలకువో ఏది కలో తేల్చుకోవడం కష్టం. అతను తేల్చుకోవాలనీ అనుకోలేదు.

బోర్డు దగ్గర ఎవరూ లేరు. రాలేదన్నమాట అనుకున్నాడు. అలా నిలబడి చూస్తుండగా మంచులో ఒక చీర కొంగు కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. చూడగా చూడగా అక్కడంతా ఆడవాళ్ళే. చంకల్లో పిల్లలు, తలల మీదుగా కప్పుకున్న దుప్పట్లు. ఒక్క మాట లేదు. వాళ్ళు అప్పుడే వచ్చారో, ఎప్పటి నుంచో అక్కడే నిలబడి ఉన్నారో అతనికి తెలియలేదు.

అమ్మడు ముందుకు వచ్చింది. "సెప్పులిప్పు బావూ."

అతను విప్పాడు. మంచుకి తడిసిన నేల చల్లగా తగిలింది. తీగ కొసలు రెండూ బోర్డు గుంజకే మెలివేసి ఉన్నాయి. తుప్పు పట్టి, మెలికలో మెలిక బిగుసుకుపోయి, ఇక ఎవరూ విప్పరులే అన్న ధీమాతో ఉన్నాయి. సంచిలోంచి పటకారు తీశాడు.

"ఆగు. ఊరికే ఇప్పకూడదు. ఎవుల తరపున ఇప్పుతన్నావో సెప్పి ఇప్పాల."

"సర్కారు తరఫున."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆడవాళ్ళు కొంచెం దగ్గరికి జరిగారు.

"ఇప్పినాక తాతని ఎవులు సూసుకుంటారు?" అంది అమ్మడు. "కట్టినప్పుడు బారం కట్టు మీదుంటాది. ఇప్పినాక ఇప్పినోడి మీదకొస్తాది. అది తెలిసే ఇప్పుతన్నావా?"

ఇది ఆ వాకిట్లో ఆమె చెప్పని సంగతి. సత్యరాజు చేతిలో పటకారు ఆగింది. వెనక్కి వెళ్ళిపోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మంచు ఉంది, నాలుగడుగులు వేస్తే ఎవరికీ కనిపించడు. అతను వెళ్ళలేదు.

"సర్కారు చూసుకుంటుంది."

"దుప్పటి జారితే?"

"సర్దుతుంది."

"మావొస్తే కసురుతాదా?"

"కసరదు. ఎప్పుడైనా రండి. మీలాంటి పెద్దవాళ్ళు ఎక్కడానికి మెట్లు కూడా కడుతుంది."

"మెట్లు మాకొద్దు గాని," అంది వెనక నుంచి ఒక పిల్ల తల్లి, "వానలకి దారి కోసుకుపోనాది. దాన్ని బాగు సేస్తే సాలు."

"చేస్తుంది" అన్నాడు సత్యరాజు. ఆ క్షణాన ఎవరైనా చంద్రుణ్ణి తెచ్చిపెట్టమన్నా సర్కారు తరఫున ఒప్పుకునేలా ఉన్నాడు. అయితే ఒక్క మాట. అతను అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. సర్కారన్నది ఇలాగే ఉండాలి, ఇలా ఉన్నప్పుడే దానికి ఆ పేరు, అని అతనికి ఆ మంచులో నిశ్చయంగా తోచింది.

పటకారుతో పట్టి మెలి తిప్పాడు. తీగ మొదట కదల్లేదు. తరువాత కిర్రుమని ఒక మెలిక వీడింది. వేలు తెగి రక్తం వచ్చింది. ఇంకో మెలిక. మూడోదానికి తీగ ఒక్కసారిగా వదులై, మెట్ట చుట్టూ దూరం దాకా గడ్డిలో సర్రున జారిన చప్పుడైంది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వినిపించింది అందరికీ. అది తీగ చప్పుడేనని సత్యరాజుకి తెలుసు. తెలిసినా మెట్ట వైపు చూశాడు.

అమ్మడు తీగ కొస దాటి అవతల పాదం పెట్టింది. నేలకి వంగి, మట్టి తీసి కళ్ళకద్దుకుంది. "తాతా, మావే" అంది, అంతే.

తరువాత వాళ్ళు ఎక్కారు. దారి కోసుకుపోయిన చోట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఏడుపు మెట్ట పైకి పోతూ పోతూ సన్నబడింది. సత్యరాజు పైకి వెళ్ళేసరికి కుండ చుట్టూ అరుగు మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. తల్లులు వాళ్ళ మీదికి వంగి పెదవులు కదుపుతున్నారు. ఆ గుసగుసలు మంచులో కలిసిపోతుంటే, ఏ మాట ఎవరిదో తెలియడం లేదు. ఒక్కో ఏడుపూ ఆగిపోయింది. పసివాళ్ళకి చల్లగాలి తగిలి, ఏడ్చిన అలసటకి నిద్ర పట్టిందని మీరూ నేనూ అనుకుంటాం. అనుకుందాం, తప్పేముంది. ఆ తల్లులు మాత్రం తాత పెట్టాడనుకున్నారు.

తూర్పు పక్కన అమ్మడూ ఇంకో ఇద్దరూ జారిన ఇటుకల్ని ఏరి పేరుస్తున్నారు. సత్యరాజు అరుగు చివర కూర్చున్నాడు. కళ్ళు బరువెక్కాయి. ఇటుక వెచ్చగా ఉన్నట్టు తోచింది. తన ఒంట్లోంచి ఎన్నాళ్ళుగానో బిగిసి ఉన్నదేదో సడలిపోతోంది. మెట్టకి జనం వచ్చారు, మెట్ట దక్కింది. ఇంక కాసేపు పడుకోవచ్చు.

కిందనెక్కడో లారీ ఆగిన చప్పుడైంది.

అధికారి వచ్చినట్టున్నాడని సంబరంగా లేచాడు. మంచులోంచి మొదట దగ్గు వినిపించింది, తరువాత నారాయణమూర్తి కనిపించాడు. యాభై దాటిన మనిషి, కోటు, మఫ్లరు, కాళ్ళకు బూట్లు. రొప్పుతూ అరుగు దాకా వచ్చేశాడు. పిల్ల తల్లి ఒకామె పెదవుల మీద వేలు పెట్టి, అతని బూట్ల వైపు చూపించింది. "నెమ్మదిగా బావూ. పడుకున్నారు." ఎవరు పడుకున్నారని అతను అడగలేదు. వంగి, బూట్లు విప్పి, చేత్తో పట్టుకున్నాడు. అలా చేసినందుకు తనే ఆశ్చర్యపోయినట్టున్నాడు.

కుండ చుట్టూ ఒకసారి నడిచాడు. పిల్లల్ని చూశాడు. ఇటుకలు పేరుస్తున్న ముసలమ్మని చూశాడు. అతను చూస్తున్నంతసేపూ సత్యరాజు గుండె పండుగ చేసుకుంది. తిరిగి వచ్చి సత్యరాజు పక్కన నిలబడ్డప్పుడు నారాయణమూర్తి ముఖంలో మాత్రం పండుగ లేదు.

"వీళ్ళు ఎప్పుడూ ఇలా వస్తారా?" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడూ వచ్చేవారండి. మన బోర్డు పెట్టాక మానేశారు. ఈవేళ నేను తీగ విప్పాను. సర్కారు తరఫున మాటిచ్చి విప్పాను. తప్పయితే శిక్ష నాకే వెయ్యండి."

"ఏమని మాటిచ్చావు?"

సత్యరాజు చెప్పాడు. నారాయణమూర్తి మెట్ట దిగువకి, మంచులోకి చూస్తూ విన్నాడు.

"నిన్న సాయంత్రం విజయనగరంలో సంతకం పెట్టేశాను సత్యరాజూ" అన్నాడు. "చూసి చెబుతానన్నాను. పైవాళ్ళు చూడడానికి వ్యవధి లేదన్నారు, యుద్ధమన్నారు. ఈ మెట్ట జాబితాలో లేదు. నువ్వు ఏ సర్కారు తరఫున మాటిచ్చావో ఆ సర్కారు దీన్ని నిన్ననే వదిలేసింది. ఈవేళ నేను వచ్చింది చూడ్డానికి కాదు. బోర్డు పీకించి పట్టుకుపోవడానికి."

కంచే చేను మేసిందని ఎన్నో కథల్లో విని ఉంటారు. ఇక్కడ కంచె మేసి ఊరుకోలేదు, కంచె లేచి వెళ్ళిపోయింది. కింద నుంచి నగరేశ్వరరావు గొంతు మంచులోంచి తేటగా వినిపించింది: "ఒరే, గడ్డపారలు దింపండి. ముందు తూరుపు పక్క గోడ పట్టండి, అది ఎలాగూ వదులుగానే ఉన్నాది." ఇనుము నేల మీద పడ్డ చప్పుళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అరుగు మీద ఒక పసిపాప ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుంది.

అమ్మడు చేతిలో ఇటుకతో లేచి నిలబడింది. "ఏటంతన్నారు బావూ కింద?"

సత్యరాజు నారాయణమూర్తి వైపు చూశాడు. అతను బూట్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, తొడుక్కోనూ లేదు, కింద పెట్టనూ లేదు. అడుగుల చప్పుడు మెట్ట మీదికి వస్తోంది. సత్యరాజు తల మీది ఖాకీ టోపీ తీసి, అరుగు మీద పెట్టి, నిద్రపోతున్న ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నాడు.

"పిల్లల్ని ఎవరూ ఎత్తుకోవద్దమ్మా" అన్నాడు. "వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా ఇక్కడి నుంచి ఎవరూ కదలొద్దు. ఎవరొచ్చినా సరే."

అమ్మడు అతని వట్టి తల వైపు, పక్కనున్న టోపీ వైపు చూసింది. "ఇది కూడా సర్కారు మాటేనా బావూ?"

"కాదమ్మా. ఇది నా మాట."